ఎరుక అనే పేజీ

"వినబడితే బొత్తాం నొక్కండి.
వినబడినట్టు అనిపించినా నొక్కండి."
హల్ ఊరి ఆస్పత్రిలో, మూడో అంతస్తులో,
నురగ గోడల చిన్న గదిలో
రోజుకు పద్నాలుగుసార్లు అనే మాట.
విల్ఫ్ ఆక్స్‌టబీ హెడ్‌ఫోన్లు తీసేసి అడిగాడు:
"ఆ రెంటికీ ఒకటే బొత్తామా?"

ముప్పై ఏళ్లు హంబర్ నది మీద
ఓడలకి దారి చూపించిన మనిషి.
ఆ నది అడుగున ఇసుక ఒకచోట నిలవదు.
నిన్న కొలిచిన లోతు ఇవాళ్టికి పుకారు.
అందుకేనేమో, ఓడ కోసం కాసుక్కూచున్న రాత్రుళ్లు
తనకంటూ ఒక భాష అల్లుకున్నాడు
నీలం అట్ట లెక్కల పుస్తకంలో.
తాళ్లకీ చేపలకీ పొగమంచుకీ మాటలున్నాయి.
ఏడుపుకి మూడు.
తెలియడం దగ్గర మాత్రం
కొట్టివేతలతో నల్లబడి, కాయితం చిరుగు పట్టింది.

రెండోసారి వచ్చినప్పుడు చూపించాడు.
కెత్: సీసపు గుండు నీళ్లలోకి దించి,
తడిసిన ముడి చూసి చెప్పినది.
ఒమ్‌కెత్: అదే, ఒక ఆటూ పోటూ గడిచాక.
రూస్: నీటి రంగును బట్టి చెప్పినది.
లిన్వె: ముందు పోయిన ఓడ మునగలేదు కనక చెప్పినది.
"మరి నమ్మకం?" అన్నాను.
"లిన్వెలోనే ఉందిగా. వేరే మాట కావాలంటుంది మా ఆవిడ.
ఆమె చర్చికి వెళ్తుంది."

మీరెలా అంటారు, అన్నాడు.
నాకు తెలుసు, అన్నాను.
ముక్కలు చేసి చెప్పమన్నాడు. చేశాను.
నాకు. తెలుసు.
ఇందులో చేసేవాడు లేడు, చూడండి.
నాకు ఆకలి, నాకు చలి, అన్నట్టే
అది తనంత తను వచ్చి నా దగ్గర ఆగుతుంది.
నిన్నకైనా ఇవాళ్టికైనా దానికి ఒకటే రూపం.
నమ్మడం అలా కాదు. నేను నమ్ముతాను.
అక్కడ తెడ్డు నా చేతిలోనే ఉంది.

నలభై రెండేళ్లుగా మాట్లాడుతున్నాను.
ఆ గదిలో పైకి అనేదాకా
ఈ సంగతి నాకూ తెలియదు.

ఆయన పెన్సిలు కొరుకుతూ కూర్చున్నాడు.
"ఎవరో చెబితే తెలిసినదానికి?"
ట, అన్నాను.
వాన వస్తుందట. ఓడ మునిగిందట.
పెళ్లయిందట, కాలేదట.
ఒక్క అక్షరం. మాట తోకకి కట్టి
బరువు పక్కవాడి నెత్తిన పెట్టి తప్పుకోవచ్చు.
మా మేనత్త దాంతోనే వీధంతా నడిపింది.
విల్ఫ్ నవ్వుకి పక్క గది నర్సు తలుపు తీసి చూసింది.
పుస్తకంలో రాసుకున్నాడు,
పక్కన "దొంగసొత్తు" అని గుర్తు పెట్టి.

ఆ వేళే పరీక్ష ముగించాం.
నాలుగు వేల దగ్గర ఏమీ లేదు.
ఆరు వేల దగ్గర ఏమీ లేదు.
తర్వాత, నేను ఏ శబ్దమూ పంపని పదకొండు సెకన్లలో
మూడుసార్లు నొక్కాడు,
కళ్లు మూసుకుని, ఒకే ఎడంతో.
అద్దానికి ఇవతల నా ఫారంలో
దానికో గడి ఉంది: తప్పుడు స్పందన.

"ఏం విన్నారు?"
"బోయ్ గంట. స్పర్న్ మొన దగ్గర, మంచులో.
వినబడితే నొక్కమన్నారుగా."

గడిలో టిక్కు పెట్టలేదు. పెట్టకపోవడం తప్పే.
పుస్తకం అడిగి తీసుకుని వెతికాను.
కెత్ కాదు. రూస్ కాదు.
ఎవరూ చెప్పింది కాదు కనక ట అసలే కాదు.
పేజీ అడుగున ఒక గీత గీసి ఉంది,
మీద మాట లేకుండా.
అదెప్పుడు గీశారని అడగలేదు.

ఫలితం చెప్పాలి కదా.
కుర్చీ ఆయన కుడివైపుకి జరుపుకుని,
పెదాలు కనబడేలా, నిదానంగా చెప్పాను.
విని, టోపీ పెట్టుకుని,
కోటు బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుని,
తలుపు దగ్గర ఆగి
తన భాషలో ఒక వాక్యం అన్నాడు.
మూడు మాటలు.
మొదటి రెండూ నాకు తెలియవు.
చివర ట ఉంది.