ఈసారి సరిగ్గా విన్నాను

ఆరో ట్యాంకు చచ్చిపోయిన రాత్రి
ఎస్తేరు రాణి మేడం గట్టు మీద కూలబడి అనింది:
"ఇట్టాంటప్పుడు ఒక గుక్క జిన్ను ఉంటే బాగుణ్ణు పిల్లా."
ఏరేటర్ల హోరు. నాకు జున్ను అని వినపడింది.

మా బర్రె ఈనిన మూడో నాడు
బెల్లం, మిరియాలు వేసి అమ్మ చేత చేయించి
స్టీలు డబ్బా తీసుకుపోయి టేబులు మీద పెట్టినా.
మేడం మూత తీసింది. నా మొహం చూసింది.
అడుగు గీరి గీరి తినింది.
నవ్వలేదు. నవ్వింది ఏడాది తర్వాత,
అదీ కళ్ళు తుడుచుకుంటా.

ఆ రాత్రి రిజిస్టర్లో ఉప్పు లెక్క తప్పు రాసింది నేనే.
లక్షల రొయ్య పిల్లలు, కంటికి ఆననివి,
తెల్లారేసరికి అడుగున తెల్లటి పొడి.
ఓనరు కారు దిగేలోగా
నా సంతకం మీదుగా తన సంతకం పెట్టింది మేడం,
పెద్దగా, నాది కనపడకుండా.
ఇప్పుడు ఆమె భీమవరం ల్యాబుకి పోతా ఉంది.
చీర పెడదామన్నారు అందరూ. చందాలో నా వంతు ఇచ్చేసి
నేను నెల్లూరు బస్సెక్కినా.

మాగుంట లేఅవుట్లో, అద్దాల తలుపున్న షాపు.
నేను పోతే లైను దానంతటదే చీలింది.
మగవాళ్ళందరికీ ఒక్కసారే ఫోన్లు గుర్తొచ్చినాయి.
ఒకాయన తన సీసా చొక్కాలో దాచుకున్నాడు,
నేను వాళ్ళ పెద్దమ్మనైనట్టు.
కౌంటర్లో కుర్రాడు (పేరు ఖాజావలి, బిల్లు మీద తర్వాత చూసినా)
"సారుకా మేడం?" అన్నాడు.
"కాదు. మేడంకే."
ఒక్క క్షణం ఆగి, తుడిచే గుడ్డ భుజానేసుకొని
నిచ్చెన ఎక్కాడు.

నీలం సీసా దించాడు. "ఇది సీసాకే డబ్బులు."
గులాబీ రంగుది. "అత్తరు తాగినట్టుంటదంట."
ఇంకోటి పొట్టిది, మందం గాజు, లోపల నీళ్ళలాంటి నీళ్ళు.
లేబులు చదివినా, మేత బస్తా మీద
ప్రోటీన్ ఎంత, తేమ ఎంత అని వెతికే అలవాటుతో:
ధనియాలు. నిమ్మతొక్క. ఏవో కొండకాయలు, మన వైపు కాయవంట.
ధనియాలు నాకు తెలుసు. నిమ్మతొక్క తెలుసు.
తెలియనిదాన్ని ఆ రెండిటి పూచీ మీద నమ్మినా.
"నువ్వు తాగి చూసినావా అబ్బయ్యా?"
"నేను ముట్టను మేడం. పగిలినప్పుడు తుడుస్తా గదా,
దీని వాసన ఒక్కటే మూడో నాడు కూడా శుభ్రంగా ఉండింది."

అంతకన్నా మంచి ల్యాబు రిపోర్టు నేనెప్పుడూ చూడలా.
వెల చెప్పను. కమ్మల చీటీ రెండు నెలలు ఆగింది, అంతే.

బస్టాండు బయట పొదలకూరు నిమ్మకాయలు రెండు కిలోలు కొన్నా,
సీసాకి పరుపు కావాలని.
కోవూరు, బిట్రగుంట, కావలి.
గుంత వచ్చినప్పుడల్లా సంచి ఒళ్ళోకి లాక్కుంటే
పక్కసీటు అవ్వ "ఏందమ్మా, అంత భద్రంగా?" అనింది.
"నిమ్మకాయలవ్వా" అన్నా. అబద్ధం కాదు గదా.

తెట్టు దగ్గర దిగి ఆటో మారేసరికి పొద్దు గూకింది.
మేడం గది నిండా తాళ్ళు కట్టిన అట్టపెట్టెలు.
సీసాని దీపానికి పట్టి చూసింది,
నీటి నమూనా చూసినట్టే, ఒక కన్ను మూసి.
కాయ కోసింది. గ్లాసులు పెట్టెలో పోయినాయి కాబట్టి
కొత్త బీకరు కడిగి అందులో పోసుకుంది.
ఒక గుక్క.
కిటికీ బయట ఏరేటర్లో, సముద్రమో, ఒకటే హోరు.
చానా సేపు ఏమీ అనలేదు.
నా కాళ్ళు చల్లబడినాయి. మళ్ళీ తప్పు విన్నానా?

"సరిగ్గా తెచ్చినావే" అనింది చివరికి,
బీకరు నా ముక్కు కిందికి జరిపి.
నలిపిన నిమ్మాకు. యాడో దూరంగా వాన, మన వాన కాదు.

ఆ పైన, బీకరు వంకే చూస్తా, మెల్లిగా:
"మీ బర్రె మళ్ళీ ఎప్పుడు ఈనుద్ది పిల్లా?"
"చూడిదే మేడం. కార్తీకం దాటదు."
కావలి నుంచి భీమవరానికి రైలు ఎన్ని గంటలో
అప్పుడే వేళ్ళ మీద లెక్కేస్తా ఉండా.