సూది కింద నేల

పాలకొల్లులో ఎంత తవ్వినా రాయి తగలదు,
అంతా ఒండ్రే, జున్నులా వణికే ఒండ్రు.
వెనక సందులో బియ్యం మిల్లు తిరిగితే
నా రికార్డు మీద సూదికి చలిజ్వరం;
సన్నాయి అడుగున ఎవరో తిరగలి తిప్పుతున్నట్టు గుర్రుమంటుంది.

స్పీకర్లు మార్చాను, తీగలు మార్చాను.
మా ఆవిడ జూకాలు రెండుసార్లు తాకట్టుకెళ్ళొచ్చాయి.
ఆఖరికి లాంచీ ఇంజన్ల నూకరాజు
ప్లేయరు బల్లమీద అరచెయ్యి ఆనించి, నాడి చూసి,
"పాటకేం రోగం లేదండి, బల్లే మిల్లుని వింటంది" అన్నాడు.

సగం గాలి కొట్టిన సైకిలు ట్యూబు,
దానిమీద కడప బండ, బండమీద ప్లేయరు.
"గట్టిగా కొట్టకండి. బిగిసిందా, వణుకు పైకెక్కేస్తది.
మెత్తగా ఉన్నదే ఆపుద్ది."

రాత్రి మిల్లు ఆడుతూనే ఉంది.
కిటికీలో గ్లాసు నీళ్ళమీద సన్నటి వలయాలు.
సూదికి ఆ కబురే అందలేదు.

సన్నాయి ఊదే ముందు ఆయన ఊపిరి తీసుకోవడం విన్నాను,
ముప్పై ఏళ్ళలో మొదటిసారి.
ఆ ఊపిరి వెనక, ఏ ఊళ్ళోనో, రికార్డు చేసిన గది అవతల
వెళ్ళిపోతున్న ఒక రైలు.

లేచి బండమీద చెయ్యి వేశాను.
కదలట్లేదు. ఇక్కడిది కాదు.
దీని కింద పెట్టే ట్యూబు నీ దగ్గర లేదు, నూకరాజూ.
ఉన్నా వద్దు.