పన్నెండు మిల్లీమీటర్లు

వంటగదికి రాయే కావాలన్నాను.
హెల్దుర్ నవ్వాడు.
పోయిన వేసవిలో ముందుగదికి
లామినేట్ పరిచింది వాడే,
ఒక్క పూటలో, చొక్కా నలగకుండా.
చూపుకి ఓక్ చెక్కలాగే ఉంటుంది.
వంగి చూస్తే తెలుస్తుంది,
ప్రతి ఏడో పలకలో అదే ముడి, అదే పగులు.
ఒకే చెట్టు తన పాఠం తానే
వల్లె వేసుకుంటున్నట్టు.

ఈ సారెమా దీవిలో తవ్విన డోలమైట్
బూడిదరంగు, ముప్పైరెండు పలకలు,
దించేసరికి నడుము నాది కాకుండా పోయింది.
ఏ రెంటికీ ఒక్క మందం లేదు.
జిగురు ఒకచోట గరిటెడు,
ఒకచోట గోరంత.
రసమట్టంలో బుడగ నీళ్ళు నమిలింది,
అవుననదు, కాదనదు.
రబ్బరు సుత్తితో ఒక్కో పలకనీ తట్టి
పుచ్చకాయ బేరమాడేవాళ్ళలా చెవి ఒగ్గాను.
రెండు బోలుగా పలికాయి.
లేపి, గీకి, మళ్ళీ పరిచాను.
ఆ రాత్రి మోకాళ్ళు నిద్రపోనివ్వలేదు.

గడప దగ్గర గొడవ.
రెండు నేలలూ ఎదురుపడే చోట
సందు కనబడితే తమ్ముడికి ఆగదు,
సిమెంటు కలిపి సిద్ధంగా నిలబడ్డాడు.
"పూడ్చేస్తే ఒకటే నేలవుతుంది కదా."
వద్దన్నాను.
రాళ్ళ దుకాణంలో మైము గారు
వేలితో బల్లమీద గీసి చెప్పింది:
శరత్కాలపు తేమకి లామినేట్ ఉబ్బుతుంది,
చలికాలం పొయ్యి రాజేస్తే ముడుచుకుంటుంది,
రాయికి ఆ గోల లేదు.
మెదలనిదానికి ఆనించి మెదిలేదాన్ని బిగిస్తే
ఏదో ఒక ఉదయం గది మధ్యలో
నేల లేచి కూచుంటుంది.
పన్నెండు మిల్లీమీటర్లు, అంతకు తగ్గకండి.

"అంత ఎందుకు?" అన్నాడు.
ఫెర్రీ మీద ఉద్యోగం పోయాక
రెండు పెట్టెలతో వచ్చి, పదిరోజులే అన్నవాడు.
ఇది మూడో ఏడు.
నేను బదులు చెప్పలేదు.
సిమెంటు బకెట్‌లోనే గడ్డకట్టింది.

సీలర్ వేసేముందు రాయి ఆరాలి,
మాట మీద నిలబడే మనిషిలా పూర్తిగా ఆరాలి.
నాలుగు రోజులు తలుపు తీసి ఉంచాం,
నవంబరు గాలి పళ్ళెంలో సూపు చల్లార్చింది.
తర్వాత గుడ్డతో, అంచునుంచి అంచుకి,
పది నిమిషాలకి మిగులు తుడిచేస్తూ,
వెనక్కి వెనక్కి పాకుతూ వచ్చాను.
తడిసిన చోటల్లా బూడిదరంగు లోతెక్కింది.
కిటికీ కింది పలకలో
దాకా కనబడని గవ్వ ఒకటి తేలింది,
బొటనవేలి గోరంత,
ఏ సముద్రానిదో, ఏ నాటిదో.
హెల్దుర్‌ని కేకేశాను.
సాక్సులు తీసి మరీ వచ్చాడు,
గడప అవతలే గొంతుక్కూచున్నాడు,
చాలాసేపు.

ఆ రాత్రి వంటగదిలో అడుగు పెట్టకూడదు.
లామినేట్ మీద పేపరు పరుచుకుని
నల్లరొట్టె, పొగబెట్టిన చేప తిన్నాం.

మర్నాడు చెంచాతో నీటిబొట్టు వదిలాను.
కేబేజీ ఆకు మీద వానచుక్కలా
గుండ్రంగా నిలబడింది, ఇంకలేదు.
ఒక్క పొయ్యి మూల మాత్రం
నా గుడ్డ అందలేదు కాబోలు,
వారం తిరక్కుండా వాడు ఒలికించిన
బ్లాక్‌కరెంట్ రసం
అక్కడ ఊదా మరకై ఉండిపోయింది.
తోమాను. పోలేదు. మానేశాను.

సందు మీద ఇత్తడి పట్టీ వాడే కోశాడు,
అంచులు ఆకురాయితో నున్నగా రుద్దాడు,
ఎవరూ చెప్పకుండానే
మరలు అడుగునేలకే బిగించాడు,
లామినేట్‌ని ముట్టలేదు.

ఇప్పుడు ఫిబ్రవరి.
అర్ధరాత్రి పొయ్యి బాగా రాజుకున్నాక
ముందుగది నేల ఎక్కడో టక్కుమంటుంది,
ఒళ్ళు విరుచుకున్నట్టు.
అటు గదిలోంచి తమ్ముడి దగ్గు.
నేను చీకట్లో మంచినీళ్ళకి లేస్తాను.
పట్టీ దాటగానే అరికాలికి చలి,
ఎక్కడున్నానో దీపం అక్కర్లేకుండా తెలుస్తుంది.