గీత బయట

రెండు కిలోమీటర్ల గీత గీసి ఇచ్చిండ్రు మాకు.
మ్యాపు మీద అది చీపురుపుల్ల లెక్క నిటారుగ ఉంటది.
అడివిల మాత్రం
ఒక పుట్టను, రెండు వాగులను,
ఎలుగు పండుకునే గవిని
నడిమికి కోసుకుంట పోతది.

పొద్దు పొడవకముందే నడక.
నాలుగు వందల అడుగులకొక మేకు.
మేకు కాడ తాడుతోని గుండ్రం గీసి
మోకాళ్ల మీద కూసోని
పెంటికలు లెక్కపెట్టాలె.
ఇదే నా కొలువు, మూడు నెలలకు.

మా పెద్దనాయిన ఈదన్న నవ్వుతడు:
"తేనెకు తాడు కట్టిన చేతులు
ఇప్పుడు పియ్యికి తాడు చుట్టబట్టినయి."

చుక్కల దుప్పిది రేగుగింజంత.
కణుజుది ఈతకాయంత,
ఒక కొన సూదిగ, ఇంకో కొన గుంటగ.
వేళ్ల నడుమ నలిపితే
ఉసిరికాయ తిన్నదా, వెదురాకు తిన్నదా
వాసనే చెప్తది.
రుబీనా మేడం అది రాసుకోదు.
ఫారంల వాసనకు గడి లేదు.

మొదటి పన్నెండు మేకులు శ్రీశైలం తొవ్వ పొంటి.
పోయిన ఎండకాలం అక్కడ అంటుకున్నది.
తునికాకు కోసం పెట్టిన నిప్పని కొందరు,
కారుల కెళ్లి ఇసిరిన బీడి అని కొందరు.
వానలు పడంగనే బూడిదల నుంచి
లేత గడ్డి లేచింది,
శ్రావణమాసం గాజుల దుకాణం లెక్క.
దుప్పులు దిగినయి, మందలకు మందలు.
దుప్పుల ఎనుక రేసుకుక్కలు.
వాటి ఎనుక, హోటళ్ల కాడ బొక్కలు తిని బలిసిన
ఊరకుక్కలు.
అడివి మళ్ల బతికిందన్నరు చూసినోళ్లు,
బస్సు కిటికీల కెళ్లి ఫొటోలు పట్టుకపోయిండ్రు.

కణుజును ఎవలడిగిండ్రు?
అది మందల ఇమిడేది కాదు.
ఒక తల్లి, ఒక పిల్ల,
నడుమ చెవుల కదలిక.
దానికి గడ్డి కన్న నీడ కావాలె,
నీడ కన్న చప్పుడు లేని తావు కావాలె.
కరెంటు లైను కోసం కొట్టిన బాట అంచుకొచ్చి
మూతి లేపి నిలబడి నిలబడి
ఎనక్కి పోతది.
ఆ అడుగులు చూసిన నేను:
రావడం ఉంది, పోవడం ఉంది,
దాటడం లేదు.

పన్నెండు మేకులకు
కణుజు గడిల పన్నెండు సున్నలు రాసిన.
సున్న గుండ్రంగ రావడానికి
బడిల శానా దెబ్బలు తిన్న.
ఇప్పుడు తప్పకుండ వస్తది.

పదమూడో మేకుకు పోతుంటె
మలుపుల, ఉప్పులారి పల్టీ కొట్టిన జాగ.
డ్రైవరును, బస్తాలను అప్పుడే ఎత్తుకపోయిండ్రు,
మన్ను తాగిన ఉప్పును ఎవలెత్తుతరు?
ఆడ, తారుకు జానెడు దూరంల
డెక్కల గుర్తులు. పెద్దవి. పక్కపొంటి చిన్నవి.
తడి మన్నుల నాలుక నాకిన సాళ్లు.

చప్పుడంటె దానికి భయమని
నిన్ననే మేడంకు చెప్పిన నోరు నాది.

రాత్రి మన్ననూరు గేటు పడుతది.
ఆఖరి బండి మోత ఇంకినంక వచ్చి ఉంటది,
పిల్లను ఎంటబెట్టుకొని.
గేటు టైము దానికి ఎవలు చెప్పిండ్రు?
పాత చవుడుగుంట యాదికొచ్చింది.
దాని నడుమల్నే గదా
లైను స్తంభం పాతింది.

"మేడం, ఇక్కడుంది."
ఆమె టేపు పట్టి కొలిచింది.
గీతకు పదకొండు మీటర్లు బయట.
"రాయలేం ఈరమ్మా" అన్నది,
అని, శానాసేపు
ఆ చిన్న డెక్క పక్కన గొంతుకూసున్నది.

తాడు నా చేతిల్నే ఉంది.
మేకు లేని కాడ
ఆ అడుగుల చుట్టూ
గుండ్రం గీసిన.

గేటు తీసినట్టున్నరు.
మలుపు అవతల సిమెంటు లారి
గేరు మార్చుతున్నది.