జానెడు వదులు

ముప్పై ఏండ్ల సంది గోడలతోనే నా కొట్లాట.
గోడ పగులుతది గని జరగదు.
సున్నం కింద పైపు ఎటు మలిగిందో
అరచేత్తో తట్టి చెప్పేటోన్ని.
శ్రీశైలం అంటే ఎవ్వలికి తెల్వదు గని
హనుమకొండల మూడు వార్డులు
"నల్లాలాయన" అంటే ఇల్లు చూపిస్తయి.

మొన్న మడికొండ దాబా పక్కన ఆగిన
ఒక బస్సు పిలిచింది.
లోపల మంచం, గోడ ఫ్యాను,
నెత్తి మీద ఖాళీ తేనెపెట్టెలు.
బేబీరాణి స్విచ్చు నొక్కింది.
అగ్గిపెట్టె లోపలి డబ్బీ తోసినట్టు
వంటిల్లు పక్కకు జరిగి ఎండల నిలబడ్డది,
పొయ్యితోని, పోపుడబ్బాతోని, సింకుతోని.

"సత్తుపల్లిలో జామాయిల్ పూత అయిపోయింది,
జగిత్యాల వైపు నువ్వులు పూస్తున్నాయి.
పూలు మన కోసం ఆగవన్నా,
పొద్దుగూకేలోపు ఈ నీళ్లు ఆగాలి."

సింకు కింద తలుపు తీస్తే చీమల బారు.
లీకయ్యే నీళ్లల్ల తీపి ఉన్నదని
నాకంటే ముందే కనిపెట్టినయి.
ఎల్బో దగ్గర సన్నటి నెర్రె.
గింతేనా అనుకున్న.
కొత్త ఎల్బో, గట్టి పైపు, కొలిచి, కోసి,
సొల్యూషన్ పూసి బిగించిన,
గోడల ఎట్ల బిగిస్తనో అట్లనే.
అర బకెటు పోసినా చుక్క రాలలే.
ఆరు నూర్లు జేబుల పెట్టుకున్న.

ఎల్కతుర్తి దాటినంక ఫోను.
"అన్నా, మంచం కింద చెరువైంది."
తిట్టలే.
తిడితే బాగుండు.

హుజూరాబాద్ బంకు పక్కన, ట్యూబులైటు కింద
మల్ల చూసిన. వంటిల్లు బయటున్నది,
అంతా సక్కగనే ఉన్నది.
"మూస్తే ఏమైతదో చూసినవా?" అన్నడు అంకూస్.
పదిహేడేండ్ల పోరడు,
మీసం వస్తదో రాదో ఇంకా డౌటే.
చూడలే.
ఇల్లు మూసి చూడాలె అని
నాకు పని నేర్పినోళ్లు ఎవ్వరు చెప్పలే.

లైటు పండ్ల నడుమ పట్టుకొని
నడుం దాక సింకు కిందికి దూరిన.
"నొక్కు బిడ్డా."
మోటరు గుర్రుమన్నది.
ఆవాల డబ్బా వణికింది.
వంటిల్లు నన్ను ఎత్తుకొని లోపలికి నడిచింది.
సింకు నాతోనే వచ్చింది,
బస్సు కింది ట్యాంకు రాలే.
రెంటి నడుమ నా పైపు:
కాజీపేటల రైలు కదిలినంక కూడ
కిటికీలున్నోని చెయ్యి ఇడువనోని లెక్క.
టప్పున అన్నది.
నా ముక్కు మీదనే అన్నది.

అప్పుడు బిగించిందంతా ఊడబీకిన.
స్కూటర్ డిక్కీల వాషింగ్ మిషన్ పైపొకటి,
ముడుతలు ముడుతలది, మెత్తటిది.
ఎంత కొయ్యాలె?
కొలత ఒకటి కాదు, రెండున్నయి,
మూసినప్పుడొకటి, తెరిచినప్పుడొకటి.
పెద్దదానికి ఇంకో జానెడు కలిపిన.
కోసేటప్పుడు చెయ్యి ఒప్పలే.
వదులు ఇడిసినోడు పని రానోడని
నేనే ఎంత మందిని కసిరిన్నో.

వదులైతే ఇంకో తిప్పలు:
పైపు కడుపు జారితే నీళ్లు నిలుస్తయి, కంపు కొడ్తయి.
అంకూస్ పాత సైకిల్ ట్యూబు చీరి
ఉయ్యాల లెక్క ఏలాడగట్టిండు.
చెప్పకముందే కట్టిండు.
పన్నెండు సార్లు మూపించిన, తెరిపించిన.
పదమూడోసారికి బ్యాటరీ దండం పెట్టింది.

బేబీరాణి చాయ పెట్టి
గ్లాసులు అదే సింకుల కడిగింది.
ముగ్గురం వంగి చెవులు పెట్టినం.
గప్పుడే డీసీఎం వచ్చి ఆగింది,
తడి గోనెల కింద పెట్టెలు,
పెట్టెల్ల నిద్రపట్టని ఈగల మోత.
పైసలు వద్దన్న.
సీసా ఇచ్చింది. జామాయిల్ తేనె,
నాలుక కొసకు కొంచెం చేదు.

తెల్లారేసరికి ఇంటికొచ్చి
మా సింకు కింద చెయ్యి పెట్టిన.
నేనే బిగించిన పైపు,
గోడకు కరుసుకొని ఉన్నది.
వేలు పట్టే సందు లేదు.
చీమలు మాత్రం
అండ్లకెల్లే వస్తున్నయి,
సీసా దిక్కు.