కప్లింగ్

బేసిన్ బ్రిడ్జి యార్డులో పందొమ్మిదేళ్లుగా
పెట్టెకీ పెట్టెకీ ముడివేసే పని నాది.
పచ్చజెండా తిప్పుతూ డ్రైవరు మొహంలోకి చూస్తూ
ఇంకో పెట్టె దూరం, అర పెట్టె,
మెల్లగా, మెల్లగా, ఆపు.
బఫర్లు తగిలిన చప్పుడు వింటే చాలు,
సరిగ్గా కూర్చుందో, గుద్దుకుందో
కళ్లు మూసుకుని చెప్పేస్తాను.

అందుకే నవ్వొచ్చింది
మా అప్రెంటిస్ ఇళంపరిది
రిచీ స్ట్రీట్‌లో కొన్న నా పాత కంప్యూటర్లో
ఈ రాకెట్ల ఆట ఎక్కించి
"ఇదీ షంటింగేన్నా" అన్నప్పుడు.

పట్టాలు లేని షంటింగ్.
ముందు పోతోంది ఆ ఓడ, వెనక నేను.
ఎవడైనా ఏం చేస్తాడు? వేగం పెంచాను.
నా దారి ఉబ్బి పైకి లేచింది.
పైదారి పొడుగు, పైనడక నిదానం.
ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి
అది ఇంకా దూరంలో ఉంది.
మళ్లీ పెంచాను. మళ్లీ దూరం.

"వెనక్కి తిప్పి కాల్చన్నా" అన్నాడు పరిది టీ తాగుతూ.
"ముందున్నదాన్ని అందుకోవాలంటే బ్రేకు వెయ్యాలి.
కిందికి జారితే వేగం దానంతటదే వస్తుంది."
ఈ మాట మా ఇన్‌స్పెక్టరు వింటే
నన్ను అయనావరం పెద్దాసుపత్రికి రాసిచ్చేస్తాడు.

పైన ఒకడున్నాడు.
పోయిన నెల నేనే పంపాను,
ఇంధనం లెక్క తప్పి అక్కడే ఉండిపోయాడు.
ఆట పెట్టిన పేరు నాకు నోరు తిరగదు,
అంకులు అని పిలుచుకుంటున్నాను.
వాడికి అన్నం అక్కర్లేదట, నీళ్లక్కర్లేదట,
ఎన్నేళ్లయినా అద్దం వెనక నవ్వుతూ కూర్చుంటాడట.
అదే నాకు పడలేదు.
తిట్టుకునేవాడైతే పడుకునేవాణ్ణి.

పదకొండు రాత్రులు.
ఒకరోజు గీతలు కలిశాయి గానీ
బాణంలా పక్కనుంచి దూసుకుపోయాను.
ఒకరోజు వాడి సోలార్ రెక్క విరగ్గొట్టాను.
"ఎవర్ని తిడుతున్నావీ వేళప్పుడు?"
మంచం మీంచి సంపూర్ణ.
"అంకుల్ని."
"పంపిందెవరు?"
అటు తిరిగి పడుకుంది.

పన్నెండో రాత్రి
చివరి అరక్కోణం లోకల్ వెళ్లిన కాసేపటికి
ఎనిమిది కిలోమీటర్లు. రెండు. నూట నలభై మీటర్లు.
వెనక్కి తిప్పి, కాల్చి, తేడాని సున్నా చేశాను.
గంటకి ఎనిమిది వేల కిలోమీటర్ల మీద పోతున్న
రెండు రేకు డబ్బాలు
ఎదురెదురుగా కదలకుండా నిలబడ్డాయి.
కింద సముద్రం మాత్రం జరుగుతోంది.
కుర్చీలో నేనూ కదల్లేదు.

అప్పుడు పోయింది కరెంటు.
ఫ్యాను ఆగింది, యూపీయస్ కీచుమంది,
దానికి ఆరు నిమిషాల ఆయుష్షు.
చెమట కంట్లోకి దిగుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు.
నోరు దానంతటదే అందుకుంది.
ఇంకో పెట్టె దూరం.
అర పెట్టె.
ఎడమకి కొంచెం, ఎక్కువైంది, కుడికి.
మెల్లగా, మెల్లగా.

అయస్కాంతం లాక్కుంది.
చప్పుడు లేదు.
స్పీకర్లు కొనలేదు నేను,
కొన్నా అక్కడ గాలి లేదుగా మోయడానికి.
ఉండబట్టలేక
వేలి కణుపుతో స్టీలు బీరువా మీద కొట్టాను,
టంగ్‌మని, ఒక్కటే.
సంపూర్ణ లేచి కూర్చుంది.
"వాడు దొరికాడే" అన్నాను.
"సరే, దించి పడుకో" అంది.

అప్పుడు చూశాను ఇంధనం ముల్లు.
ఎడమ ఎక్కువైంది, కుడి అని ఊదిన చోటే
అయిపోయింది దిగే దారి.
ఇప్పుడు పైన ఇద్దరు,
ఇద్దరూ నవ్వుతూ.
యూపీయస్ ఆగిపోయింది.

పొద్దున ఆరింటికి నాలుగో లైను మీద
రాత్రి వానకి తడిసిన రాళ్లు,
గ్రీజు చేతులతో పరిది అడిగాడు.
"దొరికాడా?"
"దొరికాడు."
"దిగాడా?"
జెండా చంకలో పెట్టుకుని బీడీ వెలిగించాను.
"తోడు దొరికింది వాడికి" అన్నాను.
వాడు నవ్వడం మొదలెట్టేలోపు
పదహారు పెట్టెల రేకు వెనక్కి వస్తూ కనపడింది,
జెండా తీశాను.