కెపాసిటర్

పరీక్షలు అయిపోయిన రాత్రే
హాల్ టికెట్ వెనకపక్క రాసుకున్నా:
ఐదింటికి లేయడం.
ముప్పై రోజుల్లో జావా.
స్టేడియం చుట్టూ మూడు రౌండ్లు.
దినామూ ఇంగ్లీషు పేపరు, తెలీని మాటల కింద గీత.
బీరువా తలుపు లోపల అంటించినా.
పది రోజులు ఆ కాగితానికి
కలరా ఉండల వాసన తప్ప ఇంకేమీ తగల్లేదు.

కడపలో మే నెల.
పొద్దున ఏడుకే మిద్దె మెట్లు కాలతాయి.
పాలకొండల మీంచి దిగే గాలి
పెనం మీద రొట్టె తిప్పినట్టు
మనిషిని అటూ ఇటూ తిప్పుతాది.
ఫోన్‌లో మొదటి పాఠం తెరుస్తా,
"నమస్కారం మిత్రులారా" అంటాడాయన,
అంతే,
ఇంక ఆయన నాకు జోలపాట.

పదకొండో రోజు చిన్నాయన ఓబులేసు
గడప అవతలే నిలబడి అడిగినాడు:
"ఏమ్మే, ఊరికే పండుకోనుండే బదులు
సంచి పట్టుకోను రారాదా? పిల్లోడు మానుకున్యాడు."
చిన్నాయనది కూలర్ల రిపేరు.
ఊరంతా ఎండను తిట్టేటప్పుడు
ఆయనొక్కడే ఆకాశం దిక్కు చూసి
"ఇంకో వారం" అనుకుంటాడు.

బండి మీద ముందర ఆయన,
నడుమ గడ్డి ప్యాడ్ల కట్ట, వెనక నేను,
మెడంతా దురద.
నబీకోట, యెర్రముక్కపల్లె, మాసాపేట,
పుట్టి పెరిగిన ఊర్లో
ఇన్ని సందులుండాయని నాకెవరూ చెప్పలేదు.

మొదటి ఇంట్లో ఫ్యాను మూలుగుతా ఉంది, తిరగడం లేదు.
స్క్రూడ్రైవర్ పిడితో రెక్కను తోసినాడు, తిరిగింది.
"తోస్తే తిరుగుతాది, తోయకుంటే మూలుగుతాది.
ఏం పోయింటాది?"
నాలుగో సెమిస్టర్‌లో ఇదే ప్రశ్నకు
పటం గీసి పద్నాలుగుకు పన్నెండు తెచ్చుకున్నదాన్ని,
గోడ మీది క్యాలెండర్ చూస్తా నిలబడినా.
"కెపాసిటర్" అన్నాడు
ఆరో తరగతి కాడ ఆగిపోయిన మనిషి.
రాత్రి చెప్తే అమ్మ ఒకటే నవ్వు:
"అట్లయితే అది నీ మాదిరే!"

రెండో వారంలో అది నన్ను కొట్టింది.
ప్లగ్గు పీకినాకనే ముట్టుకున్నా, అయినా కొట్టింది.
"స్విచ్చి ఆపినంత మాత్రాన కోపం పోదమ్మే,
మీ అవ్వకు పోయేదా?"
బొటనవేలు మీద నల్లచుక్క.
ఆ పొద్దు ఏడు రోడ్ల కాడ
నాకు రెండు గ్లాసుల నన్నారి.

చిన్నచౌకులో బట్టలు కుట్టే ఖుర్షీద్ పిన్ని
ఎనిమిదేండ్లు అటక మీదున్న కూలర్ దింపించింది.
పాత గడ్డి లాగితే పాల కవరు జారింది.
కవర్లో పదకొండు నోట్లు, రద్దయిన ఐదొందలవి.
లోపలి గదిలో మొగుడు దగ్గుతా ఉన్నాడు.
ఆమె నా దిక్కు చూసింది,
నేను గడ్డి దిక్కు చూసినా.
కవరు మడిచి టేపూ కత్తెరా ఉండే డబ్బాలో పెట్టుకునింది.
పోయేటప్పుడు నా చుడిదార్ చెయ్యి పట్టి
"ఈడ కుట్టు పోయింది, నిలబడు" అని
నా ఒంటి మీదనే కుట్టి, దారం పంటితో తెంపింది.

వహీదా స్టేటస్‌లో ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్.
నా గోర్లల్లో గ్రీజు.
అసూయ పడలేదంటే అబద్ధం.
ఆ రాత్రి మూడు పాఠాలు విన్నా పట్టుదలగా,
నాలుగోది ఇప్పటికీ విన్లేదు.

అందరి ఇండ్లూ చల్లబడినాయి.
మా ఇంటి కూలర్ మాత్రం
సీజన్ అయినాక చూద్దామని మూలనే ఉంది.
హాస్టల్‌కు పోయే ముందురోజు
నేనే విప్పినా, ఒక్కదాన్నే.
బుష్ మార్చినా, పంపు కడిగినా,
నీళ్లు గడ్డిలోకి దిగే చప్పుడు వచ్చిందాకా
ఊపిరి పీల్చుకోలేదు.
సాయంత్రం చిన్నాయన వచ్చి
చుట్టూ ఒకసారి తిరిగినాడు.
బాగుందనలేదు, బాలేదనలేదు.
ఒక్క స్క్రూ మాత్రం
పావు చుట్టు బిగించి పోయినాడు.

నడిరేయి వాన పడింది,
ఆ ఏటికి మొదటిది.
కిటికీలోంచి మట్టి వాసన.
కూలర్ ఆపుదామని లేసినా.
అమ్మ దుప్పటి గొంతు దాకా లాక్కొని,
కండ్లు తెరవకుండానే
"తిరగనీలే" అనింది.